సాయంత్రపు ఆకాశంలో 12.3 మాగ్నిట్యూడ్ గ్రహశకలం: చుక్కల్లో ఏదో తేల్చేదెలా?

అభిజిత్_8: 12.3 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) గ్రహశకలం కోసం చూస్తున్నాను. టెలిస్కోపు 8 అంగుళాల డాబ్సోనియన్ (డాబ్), ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) 25, 10 మి.మీ. స్టెల్లేరియం (ఆకాశపటం చూపే సాఫ్ట్‌వేర్) చూపే చోట సన్నచుక్కలు నాలుగైదు ఉన్నాయి. గంటన్నర తేడాతో రెండుసార్లు గీసి పోలిస్తే సరిపోతుందా?

కృత్తిక: ముందు కక్ష్య వివరాలు ఎప్పటివో చూడండి. స్టెల్లేరియంలోని సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్‌లో మైనర్ ప్లానెట్ సెంటర్ (గ్రహశకలాల కక్ష్యల వివరాలు ఉంచే సంస్థ) నుంచి కొత్తవి దించుకోవచ్చు. నాసా జేపీఎల్ వారి హొరైజన్స్ వెబ్‌సైటు ఇచ్చే స్థానాల పట్టిక వాడితే టైము యూటీలో (ప్రపంచ సమయంలో) ఉంటుంది, మన రాత్రి 7:30 అంటే అక్కడ 14:00. చాలామంది 0:00 వరుస తీసుకుంటారు, అది మన తెల్లవారి 5:30 స్థానం. గంటకు 35 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌మినిట్‌లో 60వ వంతు) కదిలేదైతే 8 ఆర్క్‌మినిట్లు (డిగ్రీలో 60వ వంతు) తప్పుతుంది. మీ 10 ఐపీసులో కనిపించే వృత్తమే సుమారు 25 ఆర్క్‌మినిట్లు!

ధ్రువ_చార్ట్: పట్టికా, చార్టూ (నక్షత్రపటం) రెండూ జే2000లోనే (2000 సంవత్సరం ఆధారంగా స్థానాలు చెప్పే పద్ధతి) ఉండాలి. ఒకటి జే2000, ఇంకొకటి నేటి తేదీది అయితే విషువచ్చలనం (భూమి అక్షం మెల్లగా దిశ మారడం) వల్ల 20 ఆర్క్‌మినిట్ల పైనే తేడా. ఇంకోటి, డాబ్‌లో బొమ్మ తలకిందులవుతుంది గానీ అద్దంలోలా ఎడమ కుడి మారదు. చార్టు తలకిందులుగా తిప్పి పట్టుకుంటే చాలు, మిర్రర్ బటన్ నొక్కొద్దు.

రోహిణి: గంటన్నర సంగతి. ఆపోజిషన్ (ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురువైపు ఉండడం) రోజుల్లో అయితే సరిపోతుంది. కానీ సాయంత్రం వేళ బాగా పైకి వచ్చి కనిపించేవి ఆపోజిషన్ దాటినవే. సుమారు నెలన్నరకి వక్రగతి (చుక్కల మధ్య వెనక్కి నడుస్తున్నట్టు కనిపించడం) ఆగి, అక్కడే కొన్ని రోజులు తచ్చాడుతుంది. అప్పుడు రెండు గంటలు కూర్చున్నా కదలిక తెలియదు. పైగా రోజురోజుకీ మసకబారుతుంది, కాబట్టి ఆపోజిషన్ నాటి మాగ్నిట్యూడ్ నమ్మొద్దు, ఆ రోజుది చూడండి.

25తో చోటు పట్టుకుని 10కి మారండి. 120 రెట్లకి ఆకాశపు వెలుగు తగ్గి సన్నచుక్క పైకొస్తుంది. ఓ వృత్తంలో ఏడెనిమిది చుక్కలు, పక్కన టైము. మర్నాడూ, ఎల్లుండీ అదే ఐపీసుతో గీయండి. జరిగిన చుక్క ఒక్కటే చాలదు, నిన్నటి చోటు ఖాళీ కావాలి. రెండూ కుదిరితేనే అది గ్రహశకలం.

కృత్తిక: మన అక్షాంశాల్లో సూర్యాస్తమయమయ్యాక సుమారు 75 నిమిషాలకు గానీ పూర్తి చీకటి పడదు. గ్రహశకలం దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తు కిందికి దిగితే మంచు, పొగల్లో 12.3 చుక్క పోతుంది. ఆ మధ్య సమయమే మీది. చంద్రుడుంటే మానుకోండి.

మఖ_కెమెరా: సీస్టార్ ఎస్50 (కెమెరా ఉన్న చిన్న స్మార్ట్ టెలిస్కోపు) ఉన్నవాళ్లు పది నిమిషాలకు మించి ఒకే స్టాక్ (ఫొటోలన్నీ కలిపి ఒక్కటిగా) చేయొద్దు. గంటకు 35 ఆర్క్‌సెకన్ల వేగంలో అప్పటికే రెండున్నర పిక్సెళ్లు జరిగి గీత అవుతుంది. విడి స్టాకులు తీసి బ్లింక్ చేయండి (ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూడండి). 1988 ఫిబ్రవరిలో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో దొరికిన 4130 రామానుజన్ గ్రహశకలం లాంటివి 8 అంగుళాలకు కంటితో అందవు, వాటికి కెమెరాయే దారి.