జీడి యూనిట్‌లో మేస్త్రీ, బాయిలరు, లెక్కలు అన్నీ మగవాళ్లవే. కొత్త పోస్టులు ఎలా నింపాలి?

కాశీబుగ్గ_పిక్క:
పలాస పక్కన జీడి యూనిట్. 34 మందిలో 27 మంది ఆడవాళ్లు, అందరూ కటింగు, పొట్టు తీత, గ్రేడింగుల్లోనే. ఇప్పుడు రెండో లైను వేస్తున్నాం. ఇద్దరు మేస్త్రీలు, స్టోరుకి ఒకరు, లెక్కలకి ఒకరు, బాయిలరు సహాయానికి ఒకరు, మెషిన్ల మీద ముగ్గురు కావాలి. నోటిమాటగా చెబితే ఉన్నవాళ్ల బావమరుదులే వస్తున్నారు. మా ఆడకూలీలు, సీతంపేట వైపు సవర, జాతాపు గిరిజన యువత, దివ్యాంగులు... వీళ్లదాకా ఈ పోస్టులు వెళ్లాలంటే ఏం చేయాలి? పేరుకి కాదు, నిలవాలి.

టెక్కలి_షిఫ్టు:
మేస్త్రీ పోస్టులు రెండూ లోపలివాళ్లకే ఇవ్వండి. పప్పు చూడగానే గ్రేడు చెప్పేది గ్రేడింగు బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు. వాళ్ల నెత్తిన పప్పు ముట్టని మనిషిని తెచ్చి పెట్టడం అన్యాయం, నష్టం కూడా.

మాట్లాడించి ఎంచకండి, పని పెట్టి ఎంచండి. కిలో కలగాపులగం పప్పు, ఒక తూకం, ఇరవై నిమిషాలు. డబ్ల్యూ 240 అనేది తెల్ల గుండు పప్పు గ్రేడు, అంటే పౌను బరువుకి (సుమారు 454 గ్రాములు) 220 నుంచి 240 గుళ్లు (విరగని పప్పులు), వంద గ్రాములకు 49–53 పడాలి. 320 అయితే 66–71. వేరు చేశాక వంద గ్రాములు తూచి లెక్కపెట్టండి, బద్దలు, మచ్చ పప్పు ఎన్ని జారాయో చూడండి. తర్వాత నిన్నటి తూకం చీటీలిచ్చి కూలి లెక్క కట్టించండి. రాత సరిగా రాదని అక్కడే తోసేయొద్దు. రాత నేర్పొచ్చు, పప్పు మీద కన్ను ఏళ్లకి గానీ రాదు. మార్కులు ఇద్దరు వేర్వేరు కాగితాల మీద వేశాకే మాట్లాడుకోవాలి, లేకపోతే పెద్దాయన మాటే ఇద్దరి మార్కూ అయిపోతుంది.

బయటి పోస్టులకి దరఖాస్తుల మీద ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కప్పేసి నంబరు వేసి మొదటి వడపోత చేయండి. మన వైపు ‘ఎవరి తాలూకా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే కులమూ చుట్టరికమూ రెండూ తేలిపోతాయి. అదీ, పెళ్లి సంగతీ, పిల్లల సంగతీ ఇంటర్వ్యూలో అడగనే కూడదు.

సీతంపేట నుంచి పలాస రోజూ వచ్చి వెళ్లే దూరం కాదు. వసతి చూపకుండా పిలిస్తే నెల తిరక్కుండా మానేస్తారు. ముందు మందస, మెళియాపుట్టి సవర ఊళ్లు చూడండి. సంతలో చెప్పించండి, దూరం నుంచి వచ్చేవాళ్లు అందుకునేలా ఇంటర్వ్యూ పొద్దున్న పదకొండు తర్వాత పెట్టండి.

రణస్థలం_సేఫ్టీ:
పైవారు చెప్పని ఒకటి. కిలో లెక్కన కూలి తీసుకునే ఆవిడని మేస్త్రీ చేసి, కూలి రేటు మీదే ఉంచేస్తారు. పర్యవేక్షణకి లేచిన ప్రతిసారీ ఆమె డబ్బు పోతుంది, రెండు నెలల్లో తనే వద్దంటుంది. ఇప్పటి మగ మేస్త్రీ నెల జీతమే మొదటి రోజు నుంచి ఇవ్వండి. ఒకే పనికి ఒకే జీతం 1976 నుంచీ చట్టంలో ఉన్న మాట.

పది మంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం. సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు, ఒకరు బయటి సంస్థ మనిషి. అధ్యక్షురాలు అక్కడ పనిచేసే సీనియర్ ఉద్యోగిని కావాలి. ఓనరు భార్య పేరు రాసేయడం మామూలుగా జరిగే తప్పు, ఆమె ముందు ఎవరూ నోరు విప్పరు. కమిటీ లేకపోతే 50 వేల దాకా జరిమానా.

బాయిలరు నడిపేవారికి సర్టిఫికెట్ ఉండాలి, దాని పరీక్షకి ముందు అనుభవం అడుగుతారు. ఆడవాళ్లు అక్కడికి చేరనిది అందుకే. ఆ సహాయకుల పోస్టులో ఒక అమ్మాయిని వేసి, చేసిన రోజులు రిజిస్టరులో రాస్తూ పోండి. గ్రేడింగు కూర్చుని చేసే పని, వినికిడి లేనివారికీ కాళ్లు సరిగా లేనివారికీ సరిపోతుంది. బల్ల ఎత్తు సరిచేసి, గంటతో పాటు లైటు కూడా వెలిగేలా పెట్టండి.

బొబ్బిలి_లోను:
వీళ్లలో ఒకరిద్దరు సొంత యూనిట్ పెట్టే దారి కూడా చూపండి. పీఎంఈజీపీలో (సొంత యూనిట్ పెట్టుకునేవారికి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) తయారీకి 50 లక్షల దాకా ప్రాజెక్టు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులకి పల్లెలో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. 20 లక్షల యూనిట్‌కి లక్ష సొంతం, 7 లక్షల సబ్సిడీ. ఆ 7 లక్షలు చేతికి రావు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటాయి. ఇది తెలియక చాలామంది మొదటి సీజన్‌లోనే జీడి పిక్కలు (పెంకుతో ఉన్న గింజలు) కొనడానికి డబ్బు లేక ఆగిపోతారు. పిక్కలు వచ్చేది ఎండాకాలంలో, మూడు నెలల్లో కొనుక్కోవాలి. కాబట్టి వర్కింగ్ క్యాపిటల్ (సరుకుకీ రోజువారీ ఖర్చులకీ కావాల్సిన డబ్బు) ప్రాజెక్టు రిపోర్టులోనే చూపించాలి.

భర్త పేర ఇదివరకే తీసుకుని ఉంటే భార్యకి రాదు, కుటుంబానికి ఒకటే. పది లక్షల లోపు అప్పుకి బ్యాంకు తాకట్టు అడగకూడదు. అడిగితే తిరస్కరణ కాగితం మీద రాసిమ్మనండి.

ఆడవాళ్ల పేరున ఉన్న యూనిట్‌లో పెట్టుబడి పెట్టేవారు చూడాల్సింది: చెక్కు మీద సంతకం ఎవరిది, బ్యాంకు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తోంది, పిక్కల బేరం ఎవరు ఆడుతున్నారు. మూడూ బావగారివైతే ఆమె పేరు అలంకారమే.

కాశీబుగ్గ_పిక్క:
చాలా ఉపయోగపడింది అందరికీ. ఒకటే అనుమానం. బాయిలరు, స్టోరు మగవాళ్లు ఆడ మేస్త్రీ మాట వింటారా?

టెక్కలి_షిఫ్టు:
తూకం చీటీ, సెలవు చీటీ మీద ఆమె సంతకం లేనిదే చెల్లదని ముందే బోర్డు మీద రాయండి. ఆమెని దాటి మీ దగ్గరికి వస్తే, ‘మేస్త్రమ్మని అడిగారా?’ అని వెనక్కి పంపండి. మొదటి నెల మీరు ఒక్కసారి మెత్తబడినా ఆ కుర్చీ ఆమెకి దక్కదు.