మినీ డీవీ క్యామ్‌కార్డర్ టేపు మింగి మళ్లీ కక్కేస్తోంది

2004లో కొన్న మినీ డీవీ (చిన్న డిజిటల్ వీడియో టేపులు వాడే) క్యామ్‌కార్డర్, దాదాపు పదేళ్లుగా బీరువాలోనే ఉంది. పాత పెళ్లి టేపులు ఫైర్‌వైర్ కేబుల్ మీద కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని తీస్తే టేపు లోడ్ అవ్వట్లేదు.

క్యాసెట్ పెట్టి నొక్కితే ట్రే మామూలుగానే దిగుతుంది, డ్రమ్ (టేపుని చదివే హెడ్లున్న గుండ్రటి భాగం) తిరుగుతున్న చప్పుడు ఓ మూడు సెకన్లు వస్తుంది, తర్వాత లోపల "టక్, టక్" అని రెండుసార్లు కొట్టుకుని, టేపు తీసి మళ్లీ పెట్టమని స్క్రీన్ మీద చూపించి ట్రే తెరుచుకుంటుంది. ఖాళీ ట్రే అయితే ఏ గొడవా లేకుండా మూసుకుంటుంది. కెమెరా మోడ్‌లో లెన్స్, స్క్రీన్ బాగానే ఉన్నాయి.

నాలుగు టేపులు మార్చి చూశా, అందులో ఒకటి సీలు తీయని కొత్తది. బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీద పెట్టా, రీసెట్ బటన్ నొక్కా, తేమేమో అని రెండు రోజులు సిలికా జెల్ డబ్బాలో ఉంచా. క్లీనింగ్ క్యాసెట్‌ని కూడా అలాగే కక్కేసింది. ఒకసారైతే టేపు రెండంగుళాలు లూప్‌లా వేలాడుతూ వచ్చింది, ఆడియో క్యాసెట్‌లా పెన్సిల్ పెట్టి తిప్పడానికి కుదరదు కదా, అడుగున రంధ్రంలో పుల్లతో లాక్ నొక్కి పట్టుకుని లోపలికి చుట్టేసరికి ప్రాణం పోయింది. అందుకే పెళ్లి టేపులు ఇంక పెట్టట్లేదు.

షాపులో పార్టులు రావట్లేదన్నారు. టేపుని డ్రమ్ చుట్టూ లాగే గైడ్ల దగ్గర గ్రీజు గట్టిపడిందా లేక లోడింగ్ మోటారే పోయిందా అన్నది మెకానిజం మొత్తం విప్పకుండా ఎలా తేల్చుకోవాలి?