కొత్త లారీలో ఇంజిన్ మనది, తాళంచెవి ఎవరిది?
(ఒక చర్చ. ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

ఆరు టైర్ల ఆసామి
మదనపల్లె నుంచి విజయవాడకు టమాటా వేసుకొస్తున్న నా బండి, పోయిన నెల రాత్రి రెండు గంటలకు కావలి దాటగానే నడక మొదలుపెట్టింది. నడకే మరి, గంటకు 20 కిలోమీటర్లు! ఇంజిన్‌కు జబ్బు లేదు, ట్యాంకులో డీజిలుంది. పొగలో విషం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం యాడ్‌బ్లూ, దాని నాణ్యతను చూసే సెన్సర్ చెడిపోయింది. దాంతో నేను నీళ్లు పోసి మోసం చేస్తున్నానని కంప్యూటర్ అనుకుని బండి గొంతు నొక్కింది. కంపెనీ సర్వీసు మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేసరికి పగలు పదకొండయింది. పని అరగంటలో అయిపోయింది. అప్పటికే కింది వరస పెట్టెలు కారుతున్నాయి.

మా నాన్న టాటా 1613 అనే పాత మోడల్ లారీ నడిపేవారు. డీజిల్ లైనులో గాలి చేరితే నట్టు వదులు చేసి, ఫీడ్ పంపు చేత్తో కొట్టి గాలి తీసేసి పావుగంటలో కదిలేవారు. ఆ పని క్లీనరుకు కూడా వచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి, పొగ మీద ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ నియమాల్లో ఆరోదైన బీఎస్‌6 తప్ప వేరే కొత్త బండి దొరకదు. నా మట్టుకు నాకు, లారీకి ఇన్ని సెన్సర్లు దండగ. కాదనేవారు చెప్పండి.

రోడ్డు పక్క ఇల్లు
కాదంటున్నాను. గొల్లపూడిలో హైదరాబాద్ రోడ్డును ఆనుకునే మా ఇల్లు. డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో దిగుతుందో మా అమ్మను అడగండి. మీ నాన్నగారి బండి పావుగంటలో కదిలేది, నిజమే. దాని పొగ మాత్రం కదలకుండా మా ఇంట్లోనే ఉండిపోయేది.

పెద్ద డీజిల్ ఇంజిన్ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లకు బీఎస్‌4లో కిలోవాట్-గంటకు 3.5 గ్రాముల వరకు అనుమతి ఉండేది. బీఎస్‌6లో అది 0.4. డీజిల్‌లో గంధకాన్ని కూడా పది లక్షల్లో 50 పాళ్ల నుంచి 10కి దించారు. సెన్సర్ లేకుండా ఇదంతా ఎలా అదుపులో ఉంటుంది? మీ మాట మీదా?

ఆరు టైర్ల ఆసామి
నా మాట నమ్మవద్దు, సరే. చెడిపోయిన సెన్సర్ మాట మాత్రం ఎందుకు నమ్మాలి?

ఆటోనగర్ మేస్త్రీ
ఇద్దరూ కాస్త ఆగండి. ఆసామి గారూ, నేను రోజూ విప్పేవి ఈ బండ్లనే కాబట్టి చెబుతున్నాను.

యాడ్‌బ్లూ అంటే మంత్రజలం ఏమీ కాదు. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. సైలెన్సర్ దారిలో చిమ్మితే వేడికి అమ్మోనియా అవుతుంది, అది నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. దీన్ని పొలంలో చల్లే యూరియాతో ఇంట్లోనే చేసుకోవచ్చని ఎవరో చెబితే నమ్మి, బకెట్లో బోరు నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి నాజిల్ చుట్టూ పటికబెల్లంలా తెల్లటి గడ్డలు! కొందరైతే కంప్యూటర్‌ను బులిపించే చిన్న పెట్టె తగిలించమని అడుగుతారు. తగిలించను. అది చట్టానికి విరుద్ధం, పైగా ఆ పెట్టెతోనే వైరింగ్ కాల్చుకున్న బండ్లను చూశాను.

నా షెడ్డుకు వచ్చే సెన్సర్ తప్పుల్లో సగం అసలు సెన్సర్‌వి కావు. ఎలుక కొరికిన వైరు, వాటర్ సర్వీసులో గన్ను పెట్టి కొడితే తడిసిన కనెక్టర్. మసి పట్టే ఫిల్టర్ సంగతి కూడా అంతే. ఊళ్లోనే తిరుగుతూ ఇసుక తోలే బండికి ఫిల్టర్‌లో మసి కాలేంత వేడి రాదు. అది నిండుతుంది, లైటు వెలుగుతుంది, ఆసామి దానిమీద స్టిక్కరు అతికిస్తాడు. నవ్వకండి, చూశాను.

అయినా మీ కోపంలో న్యాయం ఉంది. బజారులో నేను కొన్న స్కానర్ తప్పు ఏమిటో చదువుతుంది. ఫిల్టర్‌లోని మసిని బలవంతంగా కాల్చమన్నా, కొత్త భాగాన్ని బండి కంప్యూటర్‌కు పరిచయం చేయమన్నా చాలా మోడళ్లలో చేతులెత్తేస్తుంది. ఆ పని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే సాధ్యం. జబ్బు తెలిసినా మందు వేయనివ్వకపోతే నేను మేస్త్రీనా, జ్యోతిష్యుడినా?

క్యాబిన్‌లో ఇరవై ఏళ్లు
ఆసాములూ మేస్త్రీలూ మాట్లాడారు, ఇక డ్రైవరును కూడా ఒక మాట చెప్పనివ్వండి. పాత బండి గొప్పదని అనేవాళ్లు మే నెలలో చెక్క క్యాబిన్‌లో ఇంజిన్ పక్కన కూర్చుని ఒక్కసారి ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నడపండి. ఎడమ కాలు ఉడికిపోతుంది.

కొత్తగా తయారయ్యే, మూడున్నర టన్నులు మించిన లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అదీ విడ్డూరమేనని మొన్న దాబాలో ఒక ఆసామి నవ్వాడు. ఇంకొకాయన కొత్త బండి కొని, మైలేజీ పోతుందని ఏసీ వేయవద్దన్నాడు. ఆయన కారులో మాత్రం అద్దాలు దించడు.

నాకు కోపం తెప్పించేది వేరొకటి. బండి ఎక్కడుందో ఆసామికి ఫోన్‌లో కనబడుతుంది. టీకి ఆగితే ఐదు నిమిషాల్లో ఫోను. సెన్సర్ బండి గొంతు నొక్కిందన్నారు. ఇది నా గొంతు నొక్కడం కాదా?

పాత మిక్సీ
లారీ ఒక్కటే ఏమిటి? మా ఇంట్లో మిక్సీ బొగ్గులు అరిగితే వీధి చివర అబ్బాయి పది నిమిషాల్లో మారుస్తాడు. నా ఫోనుకు బ్యాటరీ మార్చాలంటే వెనక అద్దాన్ని వేడిచేసి ఊడదీయాలి. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఫోను బ్యాటరీని కొన్నవాళ్లే మార్చుకునేలా ఉంచాలని నియమం పెట్టారు, కొన్ని మినహాయింపులతో. మనకు 2022 డిసెంబర్ 24న వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెచ్చింది. వాహనాలూ వ్యవసాయ యంత్రాలూ అందులో ఉన్నాయి. పోర్టల్ ఉంది, చట్టం లేదు.

మొక్కజొన్న దేశం
అమెరికాలోని అయోవా నుంచి రాస్తున్నాను. ఇక్కడి రైతులదీ ఆసామి గారి బాధే. మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను తన డీలర్ల చేతిలోనే ఉంచుకుందని ఆరోపిస్తూ 2025 జనవరిలో ఇక్కడి ప్రభుత్వ వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ మీద దావా వేసింది. అదే ఏడాది ఆగస్టులో ఇక్కడి పర్యావరణ సంస్థ ఇంకో మాట చెప్పింది: యాడ్‌బ్లూ సమస్య వస్తే బండి శక్తి ఒక్కసారిగా పడిపోకూడదు, 2027 మోడల్ నుంచి కొత్త డీజిల్ లారీలను అలా తయారుచేయాలి అని. యాడ్‌బ్లూను తీసేయమనలేదు, గమనించండి. సరిచేసుకోవడానికి గడువు ఇమ్మంది, అంతే.

గొల్లపూడి వారికి ఒక చిన్న సంగతి. 2021 అక్టోబర్‌లో చైనా యూరియా ఎగుమతులను బిగించేసరికి దక్షిణ కొరియాలో లారీలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది, ఆస్ట్రేలియాకు సైనిక విమానం పంపి ఆ ద్రవాన్ని తెప్పించుకున్నారు. గాలి బాగుండాలంటే బీఎస్‌6 కావాలి, ఒప్పుకుంటాను. దానికి మనం ఎవరి మీద ఆధారపడుతున్నామో కూడా చూడాలి కదా.

రోడ్డు పక్క ఇల్లు
గడువు ఇస్తే నాకు అభ్యంతరం లేదు. రెండు రోజులు ఇవ్వండి. రెండేళ్లు అడిగితే మాత్రం మా అమ్మను తీసుకొస్తాను.

ఆరు టైర్ల ఆసామి
అమ్మగారికి నమస్కారాలు, రెండు రోజులు చాలు. సెన్సర్లు దండగ అన్నాను, ఆ మాట కోపంలో అన్నది. పొగ తగ్గించే సామాను ఉండనివ్వండి. లక్షలు పోసి బండి కొన్నప్పుడు, దాని నోరు విప్పించే సాఫ్ట్‌వేర్ కూడా బండితోపాటు నా చేతికి రావాలి. ఈ మాట దగ్గర మాత్రం వెనక్కి తగ్గను.

డ్రైవరు గారూ, టీ విషయంలో నేనూ ఫోన్ చేసేవాడినే. మా డ్రైవరు ఇది చదవకపోతే బాగుండు.

మేస్త్రీ గారూ, ఆ వైరింగ్ ఎలుక కొరికిందో ఏమో చూడకుండానే సెన్సర్‌కు డబ్బు కట్టేశాను. పాత సెన్సర్ ఇంకా నా దగ్గరే ఉంది. సోమవారం బండితో సహా ఆటోనగర్ తీసుకొస్తాను, బండికే తగిలించి మీ స్కానర్‌తో చూద్దాం.

ఆటోనగర్ మేస్త్రీ
తీసుకురండి. పదింటి లోపు వస్తే కరెంటు ఉంటుంది.