ప్యాకేజీ యూనిట్ మొదటి స్టార్ట్: గేజ్ పెట్టాలా, వద్దా?

విల్లా_సైట్:
కువైట్‌లో ఇళ్ల మీద పెట్టే ప్యాకేజీ ఏసీ యూనిట్ల సంగతి. జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇదే పనిలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది కనుక అడుగుతున్నాను. కంప్రెషర్, రెండు కాయిల్స్, బ్లోయర్, హీటర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి వస్తుంది. స్టార్టప్ రోజున మాత్రం సైట్‌లో రెండు పార్టీలు. "గ్యాస్ ప్రెషర్ చూపే గేజ్ పెట్టి చూడందే సంతకం పెట్టను" అని ఒకరు, "ఫ్యాక్టరీ సీలును కెలకొద్దు" అని ఇంకొకరు.

అందరూ ఒకే లెక్క మీద మాట్లాడటానికి ఒక యూనిట్ అనుకుందాం: 4 టన్నులు, ఆర్410ఏ గ్యాస్, 415 వోల్టుల మూడు ఫేజులు, 10 కిలోవాట్ల హీటర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (చల్లని కాయిల్‌లోకి వెళ్లే గ్యాస్‌ని అవసరాన్ని బట్టి వదిలే వాల్వ్) రకం. కారణం చెప్పండి. "మేం ఎప్పుడూ ఇంతే" అనే జవాబు వద్దు.

గేజ్_పక్షం:
పెట్టాల్సిందే. ఫ్యాక్టరీలో తూకం వేసి నింపారన్నది నిజమే, కానీ అది ఫ్యాక్టరీ గేటు దాకానే గ్యారంటీ. ఓడ, ట్రక్కు, క్రేన్ దాటి వచ్చిన యూనిట్‌లో డిస్ట్రిబ్యూటర్ సన్నగొట్టాలు ఒకదానికొకటి రాసుకుని ఉండొచ్చు, సర్వీస్ వాల్వ్ కోర్ సన్నగా లీకవుతూ ఉండొచ్చు. కొంచెం తక్కువ గ్యాస్‌తో ఉన్న యూనిట్ మార్చిలో చల్లగానే ఇస్తుంది, జులైలో ఫోన్ వస్తుంది.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న యూనిట్‌కి చూడాల్సింది సబ్‌కూలింగ్, అంటే ఆ ప్రెషర్‌కి గ్యాస్ లిక్విడ్‌గా మారే ఉష్ణోగ్రత కంటే లిక్విడ్ పైపు ఎన్ని డిగ్రీలు చల్లగా ఉందన్నది. లిక్విడ్ లైన్ (బయటి కాయిల్ నుంచి లిక్విడ్ వచ్చే పైపు) ప్రెషర్ 475 పీఎస్ఐ ఉందంటే ఆర్410ఏ చార్టులో అది 54.4 డిగ్రీలు. అదే పైపు మీద థర్మామీటర్ క్లాంప్ పెడితే 48 చూపించిందనుకోండి, తేడా 6.4. ప్లేటు మీద రాసిన అంకెకు దగ్గరగా ఉంటే గ్యాస్ సరిగ్గా ఉన్నట్టు. ప్లేటు మీద లేకపోతే చాలా యూనిట్లకు 5 నుంచి 7 మధ్య రావాలి. ఈ అంకె గేజ్ లేకుండా ఎలా తెస్తారో చెప్పండి.

గాలి_లెక్క:
తేలేం, ఒప్పుకుంటా. కానీ గాలి సరిగ్గా లేనప్పుడు మీరు తెచ్చే అంకెకు విలువేంటి? డక్ట్ ఇరుకై గాలి తగ్గితే సక్షన్ (కంప్రెషర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్) ప్రెషర్ పడిపోతుంది. సగం మంది చూసేది సబ్‌కూలింగ్ కాదు, సక్షన్ చూపే ఆ నీలం గేజే. "118 దగ్గరుంది, గ్యాస్ తక్కువ" అని సిలిండర్ తెరుస్తారు. సరైన గ్యాస్ ఉన్న యూనిట్ ఓవర్‌చార్జ్ అవుతుంది. మొదటి రోజు గేజ్ వల్ల చెడిపోయిన యూనిట్లలో ఎక్కువ భాగం ఇలా చెడినవే.

ముందు గాలి కొలవాలి. టన్నుకి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) చొప్పున 4 టన్నులకి 1600, అంటే సెకనుకి దాదాపు 755 లీటర్లు. హీటర్ ఉన్న యూనిట్‌లో దీనికి గాలి వేగం కొలిచే అనిమామీటర్ కూడా అక్కర్లేదు:

కంప్రెషర్ ఆపి, అన్ని ప్యానెళ్లు మూసి, ఫిల్టర్లు వేసి, హీటర్, బ్లోయర్ మాత్రం పది నిమిషాలు నడపండి. హీటర్ ఆంపియర్లు క్లాంప్ మీటర్‌తో చూడండి. 415 వోల్టులు, 14 ఆంపియర్లు అయితే 415 × 14 × 1.732, అంటే 10.06 కిలోవాట్లు. రిటర్న్ గాలి (ఇంట్లోంచి యూనిట్‌కి వచ్చేది), సప్లై గాలి (యూనిట్ నుంచి ఇంట్లోకి వెళ్లేది) ఉష్ణోగ్రతల తేడా తీయండి. కిలోవాట్లను 1.2తో, మళ్లీ ఆ తేడాతో భాగిస్తే సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి వస్తోందో తెలుస్తుంది. తేడా 11 డిగ్రీలొస్తే 0.76, లెక్క సరిపోయింది. తేడా 16 వస్తే 0.52, అంటే 1100 సీఎఫ్ఎం. డక్ట్‌లో ఎక్కడో డ్యాంపర్ మూసి ఉంది, లేదా ఫ్లెక్స్ గొట్టం నలిగింది. అప్పుడు గేజ్ పెట్టి చేసేదేం లేదు.

సప్లై థర్మామీటర్ హీటర్ కాయిల్‌కి ఎదురుగా కనిపించేచోట పెట్టొద్దు. ఎర్రగా కాలిన తీగ వేడి నేరుగా తగిలి నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మొదటి మలుపు దాటాక మూడుచోట్ల చూసి సగటు తీయండి. ఇల్లు మూసి ఉండి లోపలి గాలి 40 దాటితే 1.2 బదులు 1.1 వాడండి, వేడిగాలి పలచన.

కరెంటు_పక్షం:
మీరిద్దరూ కాయిల్ దగ్గర కొట్టుకుంటున్నారు, నేను ఐసోలేటర్ (యూనిట్‌కి కరెంటు ఆపే స్విచ్) దగ్గరే ఆగాను. మొదటిరోజు కంప్రెషర్ పోయేది ఎక్కువగా కరెంటు వల్లే.

క్రాంక్‌కేస్ హీటర్‌కి (కంప్రెషర్ అడుగున ఆయిల్‌ని వేడిగా ఉంచే చిన్న హీటర్) ముందురోజే పవర్ ఇవ్వాలి. చాలా మాన్యువళ్లు 24 గంటలు అంటాయి. "ఈ ఎండకి కంప్రెషర్ తనంతట తానే కాలుతోంది కదా" అనే వాదన తప్పు. డబ్బా అంతా ఒకే వేడిలో ఉన్నా గ్యాస్ ఆయిల్‌లో కరుగుతూనే ఉంటుంది. ఆయిల్ చుట్టూ ఉన్నదానికంటే వేడిగా ఉంటేనే బయటికి పోతుంది. అలా పోకుండా స్టార్ట్ చేస్తే ప్రెషర్ ఒక్కసారిగా పడి ఆయిల్ నురగెత్తి గ్యాస్‌తో పాటు వెళ్లిపోతుంది, బేరింగులు పొడిగా తిరుగుతాయి. షెల్ అడుగు చేత్తో తాకితే పక్కనున్న రేకుకంటే వేడిగా తెలియాలి.

తర్వాత వోల్టేజీ. మూడు జతలూ కొలవండి. 400, 412, 418 వచ్చాయనుకోండి. సగటు 410, ఎక్కువ దూరం ఉన్నది 10, కాబట్టి అసమతౌల్యం 2.4 శాతం. 2 దాటితే స్టార్ట్ చేయొద్దు. ఆ శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేస్తే మోటారు వైండింగ్ వేడి ఎంత శాతం పెరుగుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఇక్కడ దాదాపు 12. సాధారణంగా ఏసీ తప్పుండదు, విల్లా ప్యానెల్‌లో గీజర్లన్నీ ఒకే ఫేజ్ మీద వేసి ఉంటారు.

థర్మోస్టాట్‌లో ముందు ఫ్యాన్ మాత్రం ఆన్ చేయండి, కంప్రెషర్ తీగ 'వై' ఊడదీసి పక్కన పెట్టండి. ఫ్యాన్ సరైన వైపు తిరిగాకే 'వై' కలపాలి. స్క్రోల్ కంప్రెషర్ తిరగబడితే గరగరమని పెద్ద శబ్దం, ఆంపియర్లు తక్కువ, డిశ్చార్జ్ పైపు వేడెక్కదు. దీనికి గేజ్ అక్కర్లేదు, చెయ్యి చాలు. అప్పుడు మార్చాల్సింది ఐసోలేటర్‌లో వచ్చే రెండు ఫేజులను. కంప్రెషర్ టెర్మినల్ దగ్గర మార్చారంటే కంప్రెషర్ ఒకటే బాగుపడి బ్లోయర్ తప్పుగానే తిరుగుతుంది. బ్లోయర్ వెనక్కి తిరిగినా కొంత గాలి వస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

హీటింగ్ గురించి ఒకటి. థర్మోస్టాట్ సెట్టింగ్ 'గ్యాస్' మీద ఉంటే 'డబ్ల్యూ' (హీటింగ్ తీగ) ఇచ్చినప్పుడు 'జీ' (ఫ్యాన్ తీగ) రాదు. ఫ్యాన్ లేకుండా హీటర్ వెలిగి కటౌట్ ట్రిప్ అవుతుంది. 'ఎలక్ట్రిక్' మీద పెట్టాలి. చలికాలం మొదలయ్యాక "హీటర్ కాలిపోయింది" అని వచ్చే కంప్లయింట్లలో కొన్ని ఇవే.

కొత్త_హెల్పర్:
అన్నా, ఒక డౌట్. యూనిట్ ఆపి ఉన్నప్పుడే గేజ్ పెట్టి చూస్తే సరిపోదా? 40 డిగ్రీల దగ్గర 335 పీఎస్ఐ చూపిస్తే గ్యాస్ ఫుల్ ఉన్నట్టే కదా?

గేజ్_పక్షం:
కాదు తమ్ముడూ. లోపల ఒక్క చుక్క లిక్విడ్ మిగిలి ఉన్నా 40 డిగ్రీలకి ఆ ప్రెషరే చూపిస్తుంది. కిలో ఉన్నా అంతే, నాలుగు కిలోలున్నా అంతే. 335 రావాల్సిన చోట 200 ఉంటే మాత్రం ఖాళీ అయిందని అర్థం. ఆగిన యూనిట్ ప్రెషర్ "అసలు ఉందా" అన్నదానికి జవాబు, "ఎంత ఉంది" అన్నదానికి కాదు.

గాలి_లెక్క:
ఆ ఒక్క చూపు కోసం ఎంత పోతుందో కూడా చెప్పండి. గేజ్ గొట్టం లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు, పొడవు మీటరున్నర అనుకుంటే లోపల 30 మిల్లీలీటర్లు పడుతుంది. నడుస్తున్న యూనిట్ లిక్విడ్ లైన్‌కి పెడితే అందులో నిండేది లిక్విడ్, పాతిక ముప్ఫై గ్రాములు. ఒకసారైతే ఏమీ కాదు. ఏటా రెండుసార్లు సర్వీసుకొచ్చిన ప్రతివాడూ పెట్టి తీస్తే నాలుగేళ్లలో పావుకిలో. దీనికి తోడు గొట్టంలోని గాలి బయటికి వదలకుండా పెట్టేవాళ్లు. కంప్రెషర్‌లోని పీఓఈ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, ఒకసారి పట్టాక వాక్యూమ్‌తో కూడా పూర్తిగా రాదు.

గేజ్ లేకుండా నేను చూసేవి: రిటర్న్‌కీ సప్లైకీ తేడా (ఇక్కడి పొడిగాలికి సుమారు 11 డిగ్రీలు), కంప్రెషర్ ఆంపియర్లు ప్లేటు అంకెతో పోల్చి, లిక్విడ్ పైపు బయటి గాలికంటే ఎంత వేడి, సక్షన్ పైపు చల్లగా చెమట పట్టిందా, యూ బెండ్ల దగ్గర, వాల్వ్ మూతల దగ్గర నూనె మరక ఉందా. ఇవన్నీ సరిపోతే గేజ్ పెట్టెలోనే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా బయటికి తీస్తాను.

ఫీనిక్స్_రూఫ్:
అరిజోనా నుంచి. ఇక్కడ కూడా ఇళ్ల మీద ఇవే డబ్బాలు, కాకపోతే సింగిల్ ఫేజ్ 230, చాలావరకు హీట్ పంపులు. 2025 నుంచి కొత్త మోడళ్లు ఆర్454బీ, ఆర్32 మీదికి మారాయి. రెండూ స్వల్పంగా మండే రకం. నా ఓటు గాలి లెక్క వైపే, కానీ కారణం వేరు. కొత్త యూనిట్లలో మైక్రోచానల్ కండెన్సర్లు (సన్న కాలువలున్న బయటి కాయిల్స్), గ్యాస్ బాగా తక్కువ పడుతుంది. నాలుగు కిలోల్లో 30 గ్రాములు పోతే తెలియదు, కిలోన్నరలో అయితే 2 శాతం. అనుమానం వస్తే సరిచేయడానికి కూర్చోను, మొత్తం రికవర్ చేసి, వాక్యూమ్ తీసి, ప్లేటు మీదున్న తూకం మళ్లీ నింపుతాను. తూకం అబద్ధం చెప్పదు.

గేజ్_పక్షం:
ఫీనిక్స్ వేడి తెలుసు, కానీ ఇక్కడి వేడి చూడండి. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. నీడలో 50 ఉన్నరోజు మేడ మీద రెండు యూనిట్లు పక్కపక్కన ఉంటే ఒకదాని వేడిగాలి ఇంకోదాని కాయిల్‌లోకి పోతుంది. కండెన్సింగ్ ఉష్ణోగ్రత (బయటి కాయిల్‌లో గ్యాస్ లిక్విడ్‌గా మారేది) 65 దాటితే ఆర్410ఏ ప్రెషర్ 600 పీఎస్ఐ పైమాట, హైప్రెషర్ స్విచ్ అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ గ్యాస్ క్రిటికల్ ఉష్ణోగ్రతే (అది దాటితే ఎంత ప్రెషర్ పెట్టినా లిక్విడ్ కాదు) సుమారు 71. పాత ఆర్22కి 96 ఉండేది కాబట్టి అప్పుడు చెల్లిపోయిన తప్పులు ఇప్పుడు చెల్లవు. 200 గ్రాములు ఎక్కువున్న యూనిట్ ఏప్రిల్‌లో మీ థర్మామీటర్లన్నిటికీ పాసవుతుంది. జులై మధ్యాహ్నం రెండింటికి ట్రిప్ అవుతుంది. సప్లై తేడా, ఆంపియర్లు దీన్ని ముందుగా పట్టుకోలేవు. సబ్‌కూలింగ్ పట్టుకుంటుంది.

గొట్టం నష్టానికి మందుంది. గొట్టాల్లేని డిజిటల్ ప్రోబ్ నేరుగా వాల్వ్‌కి బిగించండి, పోయేది ఒకటి రెండు గ్రాములు. పాత మానిఫోల్డే (గొట్టాల గేజ్ సెట్) ఉంటే లిక్విడ్ వైపు ఎర్ర గొట్టం ముందు విప్పి, రెండు వాల్వులూ తెరిచి, అందులోని లిక్విడ్‌ని నడుస్తున్న యూనిట్ సక్షన్‌లోకే మెల్లగా వదిలి, ఆఖరున నీలం గొట్టం తీయండి.

మేడమీది_నీళ్లు:
గేజ్ గొడవలో డ్రెయిన్ ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటివాళ్లు ముందు చూసేది అదే, సీలింగ్ మీద మరక! బ్లోయర్ కాయిల్ తర్వాత ఉంటుంది కనుక ట్రే మీద గాలి లోపలికి లాగుతూ ఉంటుంది. ట్రాప్ (నీళ్లు నిలిచి గాలిని ఆపే వంపు గొట్టం) లేకపోతే నీళ్లు దిగవు, ట్రే నిండి డక్ట్‌లోకి పడతాయి. లాగుడు ఒక అంగుళం నీటిమట్టం ఉంటే ట్రే గొట్టం నుంచి ట్రాప్ అవతలి గొట్టానికి 50 మిల్లీమీటర్ల దిగుడు, దాని కింద ఇంకో 25 లోతు. స్టార్ట్ చేసేముందు ఒక మగ్గు నీళ్లు పోయాలి. ఇక్కడ నవంబరు నుంచి కూలింగ్ ఉండదు, ట్రాప్ ఎండిపోతుంది, మార్చిలో మళ్లీ పోయాలి. ఎండకి తెల్ల పీవీసీ పెళుసవుతుంది, రంగైనా వేయండి.

గాలి_లెక్క:
గేజ్ అన్న జులై మాట కాదనలేను. అయితే వరుస మాత్రం ఇదే: 24 గంటల క్రాంక్‌కేస్ హీటర్, వోల్టేజీ, ఫ్యాన్ దిశ, గాలి కొలత, ఆ తర్వాతే ప్రోబ్. గాలి 1500 సీఎఫ్ఎంకి తక్కువుంటే ప్రోబ్ పెట్టే హక్కు ఎవరికీ లేదు. పెట్టాక కూడా 15 నిమిషాలు నడవనివ్వాలి, ఐదో నిమిషం అంకె చూసి సిలిండర్ తెరవకూడదు.

ఇంకోటి. బ్లోయర్ ఆంపియర్లు ప్యానెల్ తెరిచి చూడకండి. ముందుకి వంగిన రెక్కల బ్లోయర్‌కి అడ్డు తగ్గితే గాలి పెరిగి ఆంపియర్లు పెరుగుతాయి. డక్ట్ మూసుకుపోతే తగ్గుతాయి. చాలామంది తిరగేసి అనుకుంటారు, "ఆంపియర్ తక్కువుంది, మోటారు సుఖంగా ఉంది" అని రాసేస్తారు.

గేజ్_పక్షం:
వరుసకి ఒప్పుకుంటాను. ఒక్కసారి పెట్టడం మాత్రం వదలను. ఆరోజు సబ్‌కూలింగ్, బయటి ఉష్ణోగ్రత, మూడు ఫేజుల ఆంపియర్లు, గాలి కొలత, డక్ట్‌లోని స్టాటిక్ ప్రెషర్, అన్నీ కంట్రోల్ ప్యానెల్ తలుపు లోపల పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. తర్వాత వచ్చేవాడు థర్మామీటర్, క్లాంప్ మీటర్‌తో పోల్చుకుంటాడు, తేడా లేకపోతే గేజ్ తీయడు. మీ పావుకిలో మిగులుతుంది.

విల్లా_సైట్:
సరే. సోమవారం మొదటి యూనిట్‌కి హీటర్ పద్ధతిలో గాలి, ఆ తర్వాత ప్రోబ్. ఆదివారం ఉదయమే మెయిన్ ఆన్ చేయించాలి.

కరెంటు_పక్షం:
మెయిన్ ఆన్ చేశాక దానికి తాళం వేయించండి. రాత్రి టైల్స్ మేస్త్రీలు వెళ్తూ ఆఫ్ చేసి పోతారు. ప్రోబ్ తీశాక ఇత్తడి మూతలు, లోపలి ఓ రింగుతో సహా, స్పానర్‌తో బిగించండి. వాల్వ్ కోర్ కంటే గ్యాస్‌ని ఆపేది ఆ మూతే.