అప్‌డేట్: బాబుకి టేప్ శాంపిల్ తీశారు

మా 6 ఏళ్ల బాబు ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే సమస్య) మీద స్టడీ కోసం చర్మం శాంపిల్ కావాలన్నారని, బయాప్సీలా కోసి కుట్లు వేస్తారేమోనని పోయిన నెల టెన్షన్‌తో అడిగాను కదా. నిన్న అయిపోయింది. కోత లేదు, సూది లేదు.

రూపాయి బిళ్ళంత గుండ్రటి టేపు ముక్క. మోచేతి మడతలో అంటించి, స్ప్రింగ్ ఉన్న చిన్న పరికరంతో 10 సెకన్లు నొక్కి, పట్టకారుతో లాగేశారు. అదే చోట మళ్ళీ ఇంకొకటి. అలా 16. మొదటి ముక్క మీద పిండి చల్లినట్టు తెల్లటి పొట్టు కనిపించింది. అసలు నొప్పే లేదని చెప్పను. మామూలు చర్మం మీద తీస్తే నవ్వాడు, ఎర్రగా ఉన్న చోట మాత్రం మొహం చిట్లించాడు. సాయంత్రానికి మంట తగ్గింది.

టేపుకి అంటుకునేది పైనున్న చచ్చిన కణాల పొరేనట. చర్మం పై పొరని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఎంత తగ్గిందో, ఐఎల్-13 లాంటి వాపు సంకేతాలు ఎంత ఉన్నాయో అందులోనే చూస్తారు. లోపలి పొరలు కావాలంటే మాత్రం గుండ్రటి బ్లేడుతో చిన్న చర్మం ముక్క తీసే పంచ్ బయాప్సీయే.

పొరపాటు మాదొకటుంది. ముందురోజు నుంచి అక్కడ క్రీము రాయొద్దన్నారు. అలవాటుగా రాసేశాం, వారం వాయిదా పడింది.

గుంటూరు నుంచి మా అత్తయ్యగారు "పిల్లాడి చర్మం ఒలుస్తారటమ్మా?" అని ఒకటే గోల. వీడియో కాల్‌లో వాడి చెయ్యి చూపించాకే అన్నం తిన్నారు.