కెటమిన్ తీసుకున్న ఫ్రెండ్ కళ్ళు తెరిచే ఉన్నాడు, పలకలేదు. ఇదేంటి?

రాత్రిపిట్ట:
మొన్న పార్టీలో మా ఫ్రెండ్ ఏదో పొడి పీల్చాడు, కెటమిన్ అన్నారు. కాసేపటికే సోఫాలో కూలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ పిలిచినా, భుజం పట్టి ఊపినా ఉలుకూ పలుకూ లేదు, కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ సన్నగా కొట్టుకుంటున్నాయి. గంట తర్వాత తేరుకుని "పైకప్పు దగ్గర్నుంచి నన్ను నేనే చూసుకున్నాన్రా" అన్నాడు. ఆపరేషన్లకి మత్తుమందుగా డాక్టర్లే ఇస్తారు కదా, ఏం కాదు, మళ్ళీ తీసుకుంటా అంటున్నాడు. నిజంగా ఏం కాదా?

మత్తుడాక్టర్:
ఇస్తాం, నిజమే. అమెరికాలో 1970లోనే అనుమతి వచ్చింది. కానీ మేమిచ్చేటప్పుడు ఊపిరి, బీపీ, ఆక్సిజన్ చూసుకుంటూ ఒక మనిషి పక్కనే ఉంటాడు, పేషెంటు కడుపు ఖాళీగా ఉందో లేదో ముందే అడుగుతాం. పార్టీలో ఇవేవీ ఉండవు, ఆ పొడిలో ఏం కలిపారో కూడా తెలీదు. ఈ మందు మెదడులో ఎన్‌ఎండీఏ రిసెప్టర్లకి, అంటే నరాల కణాల మీద సంకేతాలు అందుకునే భాగాలకి, అడ్డం పడుతుంది, అందుకే ఒళ్ళు ఒకచోట, తాను ఒకచోట ఉన్నట్టు అనిపిస్తుంది. నొప్పి కూడా తెలీదు, కాలు విరిగినా లేచి నడవబోతారు. మద్యం కూడా తాగి ఉంటే ఇంకా ప్రమాదం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు.

మానేసినవాణ్ణి:
బ్రో, నాకు పోయింది మూత్రాశయం. రెండేళ్ళు వాడాను. అరగంటకోసారి బాత్రూం, మంట, చివరికి రక్తం. ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయోటిక్స్ మింగుతూ కూర్చున్నాను, డాక్టర్ అడిగితే అబద్ధం చెప్పాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. మానేశాక చాలావరకు తగ్గింది గానీ ఇప్పటికీ రాత్రి మూడుసార్లు లేస్తాను.

చిన్నమాట:
లాఫింగ్ గ్యాస్ బెలూన్లు కూడా ఈ బాపతే. అదేపనిగా పీలిస్తే విటమిన్ బీ12 పనిచేయకుండా పోయి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. దగ్గు మందులో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ని డిప్రెషన్ మాత్రలతో కలిపి ఎక్కువగా తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రాత్రిపిట్ట:
మళ్ళీ అలా పడిపోతే ఏం చేయాలి?

మత్తుడాక్టర్:
పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. లైట్లు తగ్గించి మెల్లగా మాట్లాడండి, గట్టిగా అదిమి పట్టుకోకండి. పలక్కుండా పడిపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయడమే మంచిది, ఊపిరి తేడాగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా క్షణం ఆగొద్దు. ఏం తీసుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి.

రాత్రిపిట్ట:
ఆ రోజు వాడు బీర్ కూడా తాగాడు. సోఫాలో వెల్లకిలా పడుకోబెట్టి తలకింద దిండు పెట్టి బయటికెళ్ళింది నేనే.