అమెరికా సిటిజెన్‌ని, ఉండేది హైదరాబాద్‌లో. భర్తని స్పాన్సర్ చేయాలంటే?

కొండాపూర్ కోడలు:
పుట్టింది న్యూజెర్సీలో. నాకు నాలుగేళ్లప్పుడు నాన్న ఇండియా వచ్చేశారు, ఆ తర్వాత చదువు, ఉద్యోగం అంతా హైదరాబాదే. నీలం పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు తప్ప అమెరికాతో నాకు పెద్దగా సంబంధం లేదు. మావారిది రాజమండ్రి. ఆయన నా భర్త అని చూపే పిటిషన్, ఐ-130, ఆన్‌లైన్‌లో వేశాం, అప్రూవ్ అయింది, కేసు ఎన్‌వీసీకి (ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్) వెళ్లింది. ఇప్పుడు ఆయన్ని పోషించే బాధ్యత నాదని ఇచ్చే హామీ ఫారం, ఐ-864, నింపుతుంటే మీ డొమిసైల్ (స్థిర నివాసం) ఎక్కడ అంటోంది. నేను అమెరికాలో ఉంటే కదా రాయడానికి! ఇక్కడి జీతం చూపిస్తే చెల్లుతుందా? డల్లాస్‌లో బాబాయి ఉన్నారు, ఆయన జాయింట్ స్పాన్సర్‌గా, అంటే నాతో పాటు ఇంకో హామీదారుగా, సంతకం పెడితే సరిపోతుందా? ఇంకోటి, మావారి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోనే ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

క్యూలో నిలబడ్డవాడు:
అదృష్టవంతులండీ మీవారు. నేను హెచ్1 మీద వచ్చి, ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు క్యూలో నా ఈబీ2 డేట్ ఎప్పుడు కదులుతుందా అని నెలనెలా వీసా బులెటిన్ చూసుకుంటూ జుట్టు నెరిసిపోయింది. సిటిజెన్ భర్తకి కోటా లేదు, క్యూ లేదు. ఎంత చదివాం, ఎంత పన్ను కట్టాం ఎవడిక్కావాలి, ఏ ఊరి ఆసుపత్రిలో పుట్టామన్నదే లెక్క. ఏమీ అనుకోకండి, కడుపుమంట.

గోదావరి గట్టు:
రాజమండ్రి అల్లుడా, మా ఊరే! వీసాకి చేసే మెడికల్ పరీక్ష గురించి ముందే చెప్తున్నా. మా తమ్ముడికి చిన్నప్పుడెప్పుడో నిమ్ము చేసిన మచ్చ ఎక్స్‌రేలో కనబడింది. ఇక చూస్కోండి, టీబీ ఉందేమోనని వరసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్లి కఫం ఇచ్చి రావాలి, కల్చర్ రిపోర్టుకి ఎనిమిది వారాలు. దగ్గు లేదు, జ్వరం లేదు, మనిషి దున్నపోతులా ఉన్నాడు. మావాళ్లు అప్పటికే టికెట్లు కొనేశారు, ఆ డబ్బులు గోదాట్లో కలిశాయి. వీసా స్టాంపు పడేదాకా టికెట్ కొనొద్దు, ఉద్యోగానికి రాజీనామా అసలే వద్దు.

డల్లాస్ డాడీ:
బాబాయిగారు సంతకం పెడితే అయిపోతుంది, సింపుల్. మా బావమరిది కేసులో జాయింట్ స్పాన్సర్‌ని నేనే. ట్యాక్స్ రిటర్న్, జీతం లెక్క చూపే డబ్ల్యూ-2, గ్రీన్ కార్డు కాపీ ఇచ్చాను. డొమిసైల్ అని నన్ను ఎవడూ అడగలేదు. ఊరికే టెన్షన్ పెట్టుకోకండి.

ఫారాల పంతులు:
డాడీగారూ, మిమ్మల్ని అడగరు, మీరు డల్లాస్‌లోనే ఉన్నారుగా. అడిగేది పిటిషనర్‌ని. జాయింట్ స్పాన్సర్ పూడ్చేది ఆదాయం లోటు ఒక్కటే. డొమిసైల్ ఆ అమ్మాయికే ఉండాలి, లేదంటే భర్తతో పాటో అంతకంటే ముందో వెళ్లి అక్కడ కాపురం పెడతానని కాగితాలతో చూపించాలి. అది లేకపోతే వెనక కోటీశ్వరుడు నిలబడినా కేసు ఆగిపోతుంది. పదిహేనేళ్లుగా చుట్టాలకీ స్నేహితులకీ ఈ ఫారాలు నింపి పెడుతున్నాను, ఒక్క పైసా తీసుకోకుండా.

డల్లాస్ డాడీ:
మీరేమైనా లాయరా? నేను చెప్పింది జరిగిన సంగతి. మీలా పుస్తకం చదివి చెప్పట్లేదు.

ఫారాల పంతులు:
లాయర్ని కాదు, ఐ-864 ఇన్‌స్ట్రక్షన్స్ చివరిదాకా చదివే ఓపిక ఉన్నవాణ్ణి. పిటిషన్ వేసిన మీ బావమరిది భార్య ఆ సమయంలో ఎక్కడుందో చెప్పండి చాలు.

డల్లాస్ డాడీ:
ఇక్కడే, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. అయితే?

ఫారాల పంతులు:
అయితే ఏముంది, నేను చెప్పిందే.

మణికొండ టు మినియాపొలిస్:
మాది అచ్చం ఇదే కేసు, నేను సిటిజెన్, ఆవిడ ఇండియన్, ఇద్దరం మణికొండలో ఉండేవాళ్లం. మేం పెట్టినవి చెప్తా. నా పేరున అమెరికాలో తెరిచిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, మా పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఉండనిస్తామని రాసిచ్చిన ఉత్తరం, కంపెనీ వాళ్లు అక్కడి ఆఫీసుకి మారుస్తామని ఇచ్చిన లెటర్, సామాన్లు పంపడానికి తీసుకున్న కొటేషన్, ఇక్కడ అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కి పంపిన మెయిల్. అన్నిటి మీదా, ఫలానా నెలలో ఇద్దరం కలిసి వెళ్తున్నాం అని ఒక పేజీ వివరణ. ముంబయిలో ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, పెళ్లి ఫొటోలో పక్కన ఉన్న పెద్దాయన ఎవరు అని. మా మావయ్య. డొమిసైల్ కాగితాలు తిప్పి చూసి పక్కన పెట్టాడు.

అన్నట్టు ఇంటర్వ్యూ ముంబయిలోనే. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ ఇంటర్వ్యూలు లేవు.

కొండాపూర్ కోడలు:
చాలా థాంక్స్ అండీ. కంపెనీ ట్రాన్స్‌ఫర్ అడుగుతా. అమెరికాలో రిటర్న్ వేసినట్టు చూపే ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ కూడా ఆ ఫారం అడుగుతోంది, నేను అక్కడ ఒక్క డాలర్ కూడా సంపాదించలేదు, ఇక్కడ నెలనెలా టీడీఎస్ కోస్తున్నారు. కాబట్టి వర్తించదు అని రాసేస్తే సరిపోతుంది కదా?

లెక్కల మాస్టారు గచ్చిబౌలి:
అమ్మా తల్లీ, అలా రాయకు! పౌరసత్వాన్ని బట్టి పన్ను లెక్క అడిగేది ప్రపంచంలో అమెరికా, ఎరిట్రియా. కొండాపూర్‌లో సంపాదించినా అమెరికా రిటర్న్, ఫారం 1040, వేయాల్సిందే. కట్టేది సున్నా కావచ్చు, వేయడం మాత్రం తప్పదు. మీ ఖాతాలు, ఎఫ్‌డీలు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ కూడా, అంటే విదేశీ ఖాతాల వివరాల ఫారం. మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఉన్నాయా? ఉంటే పీఎఫ్ఐసీ, అంటే విదేశీ ఫండ్లకి అమెరికా పెట్టిన ప్రత్యేక పన్ను లెక్క, ఫారం 8621, ఆ కథ వేరే. నా క్లయింట్లలో ఇలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు పాస్‌పోర్టు బీరువాలో దాచారు గానీ దానితో వచ్చే బాధ్యత ఒక్కరికీ చెప్పలేదు.

సింపుల్‌గా చెప్పొచ్చుగా:
వచ్చారండీ భయపెట్టే బ్యాచ్. ముందు పీఎఫ్ఐసీ అంటారు, తర్వాత మెసేజ్ చేయండి అంటారు, ఆ తర్వాత ఫీజు చెప్తారు. నాకు ఒకాయన మూడేళ్ల రిటర్న్స్‌కి చెప్పిన రేటుతో మా ఊళ్లో గేదెని కొనొచ్చు. అంతా కలిపి కట్టాల్సిన పన్ను సున్నా!

లెక్కల మాస్టారు గచ్చిబౌలి:
నేను మెసేజ్ చేయమన్నానా? ఉచితంగానే చెప్తున్నా, వినండి. తెలియక వేయనివాళ్లకి స్ట్రీమ్‌లైన్డ్ అని పద్ధతి ఉంది. మూడేళ్ల రిటర్న్స్, ఆరేళ్ల ఎఫ్‌బార్లు, కావాలని ఎగ్గొట్టలేదని ఒక సర్టిఫికేషన్. విదేశంలో ఉండేవాళ్లకి పెనాల్టీ లేదు. చేతనైతే మీరే వేసుకోండి. ఇంకో కిటుకు, ఇది చాలామంది సీఏలకి కూడా తెలియదు. ఫారం 2555 పెట్టి జీతం మినహాయించుకుంటే 1040లో టోటల్ ఇన్‌కమ్ లైను దాదాపు సున్నా అవుతుంది. ఐ-864లో చూసేది ఆ లైనునే! బదులు ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకుంటే ఇక్కడ కట్టిన పన్నుని అక్కడి పన్నులోంచి తగ్గిస్తారు, ఆదాయం మాత్రం కనిపిస్తుంది.

ఫారాల పంతులు:
కనిపించి ఏం లాభం మాస్టారూ? ఇక్కడి ఉద్యోగం మానేసి వెళ్తే ఆ జీతం లెక్కలోకి రాదు. వెళ్లాక కూడా అదే యజమాని దగ్గరనుంచి వస్తుందని చూపాలి. ట్రాన్స్‌ఫర్ వస్తే సరే, లేకపోతే బాబాయే దిక్కు.

లెక్కల మాస్టారు గచ్చిబౌలి:
ట్రాన్స్‌ఫర్ అడుగుతా అందిగా ఆ అమ్మాయి. చదివి రాయండి.

క్యూలో నిలబడ్డవాడు:
మా అన్నయ్య కూడా హెచ్1 మీద ఇక్కడే ఉన్నాడు, మంచి జీతం. మా కజిన్‌కి ఆయన జాయింట్ స్పాన్సర్ కావచ్చా?

ఫారాల పంతులు:
కాకూడదు. సిటిజెనో గ్రీన్ కార్డో ఉండాలి.

టొరంటో తాతయ్య:
ఇంత గోల మా కెనడాలో లేదు. సిటిజెన్ అయితే బయట ఉండి కూడా భార్యని స్పాన్సర్ చేయొచ్చు, ఆమెకి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక కెనడాలో ఉంటామని చూపిస్తే చాలు. క్యూబెక్ సంగతి వదిలేస్తే, మామూలుగా భార్యాభర్తలకి ఇంత ఆదాయం ఉండాలన్న లెక్క లేదు. పీఆర్ వాళ్లు మాత్రం బయట ఉండి చేయలేరు.

లెస్టర్ లక్ష్మి:
మీరు నయం అంకుల్. యూకేలో 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. మా అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, భార్యని స్పాన్సర్ చేయాలంటే అక్కడ ఆరు నెలల జీతం అంత లెక్కన చూపాలి, పైగా వచ్చిన మూడు నెలల్లోపు మొదలయ్యే ఉద్యోగం ఆఫర్ ఇక్కడ ఉండాలి. బెంగళూరులో ముప్పై లక్షలు ఎవరిస్తారు? కోడలు నెల్లూరులో, వాడు బెంగళూరులో, నేను ఇక్కడ.

టొరంటో తాతయ్య:
ముప్పై లక్షలు ఇచ్చే కంపెనీలు బెంగళూరులో బోలెడున్నాయి తల్లీ.

లెస్టర్ లక్ష్మి:
మా వాడు స్కూల్ టీచర్ అంకుల్.

డల్లాస్ డాడీ:
బాబాయిల తరఫున ఒక మాట. సంతకం పెట్టేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, ఆ బాధ్యత అవతలివాళ్లు సిటిజెన్ అయ్యేదాకానో, నలభై క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకానో పోదట. విడాకులైనా పోదు! ఇది తెలిసిన రోజునుంచి మా ఆవిడ బావమరిది పేరెత్తితే చాలు...

కొండాపూర్ కోడలు:
మా పిన్ని కూడా సరిగ్గా అదే పాయింట్ పట్టుకున్నారండీ. బాబాయి సరే అన్నారు, పిన్ని ఫోన్ ఎత్తట్లేదు. అడగడానికే మొహమాటంగా ఉంది.

ఫారాల పంతులు:
పిన్నిగారిని వదిలేయమ్మా. ఆదాయం బదులు ఆస్తి చూపొచ్చు. ఇద్దరికి 2025 లెక్క ప్రకారం 26,437 డాలర్ల ఆదాయం కావాలి. సిటిజెన్ భార్యాభర్తల కేసులో ఎంత లోటుంటే దానికి మూడు రెట్ల ఆస్తి. ఆదాయం అసలు లేదనుకున్నా 79 వేల చిల్లర డాలర్లు. నీ పేరుతోనో మీవారి పేరుతోనో ఫ్లాటు, ఎఫ్‌డీ ఉంటే, ఏడాదిలోపు డబ్బుగా మార్చుకోగలిగినదై ఉంటే, అప్పు పోగా మిగిలిన విలువ లెక్కేస్తారు. ఇండియాలో ఉన్నా సరే.

కొండాపూర్ కోడలు:
మావారి పేరున ధవళేశ్వరం దగ్గర స్థలం ఉంది! వాల్యుయేషన్ సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

గోదావరి గట్టు:
ధవళేశ్వరంలో ఎక్కడ? బ్యారేజీకి ఇటువైపా, అటువైపా? అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నాకు చెప్పండి.

సింపుల్‌గా చెప్పొచ్చుగా:
ఇమిగ్రేషన్ చర్చ కాస్తా రియల్ ఎస్టేట్ అయింది. ఆ సర్‌నేమ్ సంగతి ఒక్కరూ చెప్పలేదు పాపం. వీసా మీద పేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, గివెన్ నేమ్ చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. మా తోడల్లుడి డ్రైవింగ్ లైసెన్స్ నుంచి కరెంటు బిల్లుదాకా అదే పేరు. పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి ఇంటిపేరు వేయించండి, ఎన్‌వీసీకి కొత్త పాస్‌పోర్టు కాపీ పంపండి.

మణికొండ టు మినియాపొలిస్:
పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కూడా ఆ కొత్త పాస్‌పోర్టు మీదే తీసుకోండి. పాత దాని మీద తీసుకుంటే పేరు తేడా అని మళ్లీ తిప్పుతారు.

లెస్టర్ లక్ష్మి:
నెల్లూరు వాళ్లకి పీసీసీ ఎక్కడిస్తారు, తిరుపతా, విజయవాడా?